ఆ రేడియోను పాత సామాన్లకు ఇయ్యొద్దు

అంబమ్మ వదినకు, ఆదోని నుంచి నీ తిక్క మరిది రాసేది.

ఫోను చేస్తే రామాంజన్నే ఎత్తుతాడు, నాకు నోరు రాదు. అందుకే రాస్తాండా. వాళ్ల నాయన కొన్న రేడియోను అన్న పాత సామాన్లోనికి ఇస్తానన్నాడంట. ఇయ్యనీయొద్దు వదినా. దాని తప్పేం లేదు.

మొన్న సాయంత్రం మీ ఇంట్లో కల్లు తాగుతా, "వానొస్తాదంటావా రా? రేపు మగ్గం పడుగు వీధిలో సాచి గంజి పెట్టల్ల" అన్నాడు అన్న. "రేడియో ఏం సెప్తాదో ఇందాంపా" అని నేను నొక్కింది దాంట్లోనే ఉండే టేపు బటను. నేనే ముక్కు పట్టుకోని వార్తల మాదిరి మాట్లాడి ఎక్కించిన క్యాసెట్టు అది. "రెండు దినాలు వానల్లేవు" అనె. అన్న నమ్మినాడు. తెల్లారినాక చెప్పి నవ్వుదామనుకుంటి. కల్లు మత్తులో పొద్దెక్కేదాకా పండుకుంటి.

లేసేటప్పటికి పడుగు మీద వాన. గంజంతా కారిపోయి పోగులన్నీ అంటుకోని పాయ. పడుగు ఎత్తేదానికి నేనూ ఒక చెయ్యేసినానని, అన్న తాను తడిసిపోతానే తువాలు నాకిచ్చి, "నువ్వన్నా ఉంటివి గదరా" అనె. ఆ మాటకు తల ఎత్తలేక, టీ గూడా తాగకుండా బస్సెక్కితి.

సోమవారం వస్తా. నువ్వు ముందే చెప్పొద్దు, నా నోటితోనే చెప్తా. అన్న నమ్మడు, ఇది గూడా నా తమాషానే అనుకోని నవ్వుతాడు. అప్పుడు నువ్వు పక్కన నిలబడి, ఈసారి వాడు నిజమే చెప్తాండాడని చెప్పు వదినా.