ఫోటో చూడకుండా నీ ముఖం

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ ఆర్ట్ కాలేజీ స్టూడియోలో మా సార్ ఫోటో చూడకుండా ఇష్టమైన మనిషి ముఖం గీయమన్నారు. నీ ముఖమే మొదలుపెట్టాను. ఎన్నిసార్లు చెరిపినా గోడమీది దండ వేసిన ఫోటోయే వచ్చింది.

"పోలికలు బానే ఉన్నాయిగానీ, ఈవిడ ఊపిరి తీసుకోవట్లేదమ్మా," అన్నారు సార్, నువ్వు లేవని తెలియక.

ఆర్ట్ హిస్టరీ క్లాసులో అమరావతి శిల్పాలను, ముక్కు విరిగిపోయినా సరే, ఇట్టే గుర్తుపడతాను. నీ ముఖం మాత్రం ఏడాదికే జారిపోతోంది. భయమేసి గుణదలలో పిన్ని ఇంటికి పరుగెత్తాను.

"పిన్నీ, ఒక్కసారి నవ్వవా? నీది అమ్మ నవ్వే కదా!"

పిన్ని నవ్వబోయి ఏడ్చేసింది. "అక్క ఎలా నవ్వేదో నాకూ గుర్తు రావట్లేదే. నువ్వే గీసి చూపించు," అంది.

ఇద్దరం తెల్లకాగితం ముందు కూర్చున్నాం. ఎక్కడ మొదలుపెట్టనమ్మా?