అమ్మ సంచిలోకి ఒక రివాల్వరు

3 జూన్ 1994, నిజ్వా, ఒమన్
సెలవులకు వచ్చి వారం కాలేదు. అప్పుడే ఈ ఇంట్లో ప్రతిపక్షం ఏర్పడింది. నేనే.

బుధవారం అమ్మ కొండమీది మేకల కాపరుల ఊరికి వెళ్ళాలి, పసిపిల్లలకు టీకాలు వేయడానికి. జీపు దారి సగంలో ఆగిపోతుంది, ఆపైన నడక. ఆ నడకదారిలోనే కిందటి నెల ఒక ముసలామె చేతిని తోడేలు చీల్చింది. ఆసుపత్రిలో కుట్లు వేసింది అమ్మే.

"మానెయ్యొచ్చుగా" అంటే — "డ్యూటీయే. నర్సు భయపడిందని రాయించుకోనా?"

4 జూన్
పై వాటాలో ఉండి వెళ్ళిపోయిన చమురు కంపెనీ ఇంజనీరు వదిలేసిన అమెరికా వేట పత్రిక దొరికింది. అడవిలో ఎలుగుబంటి ఎదురైతే ఏ పిస్తోలు మేలు అన్న చర్చ. ఒకడికి పెద్ద తూటాయే ప్రమాణం. రెండోవాడికి, బెదిరిన చేతిలో కూడా పనిచేసేదే ఆయుధం. రెండోవాడి పక్షాన ఓటు వేశాను, అమ్మకూ అలాంటిదొకటి కొనాలన్నాను.

"ఒమన్‌లో ఎలుగుబంట్లు ఎక్కడున్నాయే తల్లీ..."

తోడేలు అంతకంటే చిన్నది గనుక వాదం మరింత బలపడుతుందన్నాను. అమ్మ ఆవులించింది. నాకూ ఆవులింత వచ్చింది.

6 జూన్
సూకు, అంటే ఇక్కడి పాత బజారు. ఆసుపత్రి డ్రైవరు హమూద్ మేనమామకు అక్కడ పాత తుపాకుల కొట్టు. పర్మిట్ హమూద్ పేరున తీయవచ్చునట. బల్లమీద రెండు — ఒక రివాల్వరు, ఒక ఆటోమేటిక్. రెండోదాని పైభాగం వెనక్కి లాగడం అమ్మ వల్ల కాలేదు. రివాల్వరు బరువే, కానీ లాగవలసింది మీట ఒక్కటే. టీకాల సంచి పక్క అరలో సరిపోతుంది. తీర్పు చెప్పేశాను.

జీపు ఎక్కాక హమూద్, తన హిందీలో —

"సిస్టర్, మావాళ్ళు తుపాకీ భుజాన వేసుకుని వస్తారు. గుమ్మం దగ్గర మేకుకు తగిలించి లోపలికి వస్తారు. అందరూ చూస్తారు. సంచిలో దాచుకుని వచ్చేవాణ్ణి ఏమంటారు?"

"దొంగ అంటారు" అంది అమ్మ.

"ఆ సంచిలోంచి మీరు సూది తీస్తుంటే పిల్లను మీ ఒళ్ళో ఎవరు పెడతారు?"

ఆత్మరక్షణ హక్కు గురించి నేను చాలాసేపు మాట్లాడాను. బహుశా బాగానే మాట్లాడాను. చివరికి, దాచడమే తప్పయితే అమ్మే బాహాటంగా భుజాన వేసుకోవాలన్నాను.

"నా భుజాన తుపాకీ చూస్తే పిల్లలు సూదికంటే ముందే ఏడుస్తారు."

హమూద్ పగలబడి నవ్వాడు. రివాల్వరు కొనడం లేదు. అతడే తన రైఫిలుతో ముందు నడుస్తాడు.

8 జూన్
వెళ్ళారు. చదువు సాగలేదు. తలనొప్పి.

సాయంత్రం — అమ్మ వచ్చింది. మడమల నిండా బొబ్బలు. తోడేలు ఎదుటి గట్టుమీద చాలా దూరం వెంట నడిచిందట. హమూద్ రైఫిలు ఎత్తితే ఆగేది, దించితే నడిచేది. ఊళ్ళో మేకుకు రైఫిలు, తర్వాత కాఫీ, ఖర్జూరాలు, ఆ తర్వాతే టీకాలు. ఒక తల్లి తన బిడ్డను తానే ముందుకు తెచ్చిందని అమ్మ రెండుసార్లు చెప్పింది.

హమూద్ చెప్పింది నిజమే. ఒప్పుకోవడానికి కూడా ఓపిక లేదు.

11 జూన్
హమూద్‌ను సముద్రతీరంలోని ఖబూరా ఆసుపత్రికి మార్చారు. ఇవాళే వెళ్ళాడు.

కొత్త డ్రైవరు కేరళ మనిషి. పరదేశికి తుపాకీ పర్మిట్ ఎక్కడిది? "చేతికర్ర ఉంది చేచీ, బలమైనదే" అని అమ్మను అక్కగా పిలిచి ధైర్యం చెప్పాడు పాపం. వచ్చే బుధవారం వెళ్ళవలసిన ఊరివాళ్ళను, ఎవరినైనా తోడు పంపమని ఆసుపత్రి నుంచి కబురు పెట్టారు. జవాబు లేదు.

14 జూన్
రేపు వెళ్ళేది కొండమీద ఇంకా పైనున్న ఊరు. జవాబు రాలేదు.

"అక్కడ ఒక్క బిడ్డకూ సూది పడలేదే" అంటూ అమ్మ యూనిఫారం ఇస్త్రీ చేస్తోంది. కాలర్ దగ్గర నీళ్ళు చిలకరించి మళ్ళీ రుద్దుతోంది. నేను గుమ్మంలో నిలబడి చాలాసేపయింది... వెళ్ళవద్దని చెప్పాలి. ఇంకా చెప్పలేదు.