రెండో సిలిండరు పక్కన అంటని నీలిమందు

మంగళవారం, రాత్రి

మా పాత కారుకు జోరు పెంచే టర్బో తగిలించాక హెడ్ గాస్కెట్, అదే ఇంజనుకూ దాని పైభాగం హెడ్‌కూ మధ్య బిగించే పల్చటి రేకు, రెండుసార్లు పోయింది. మూడోసారీ పోతే కారు అమ్మేస్తానని బావ నిన్న తెగేసి చెప్పాడు. ఆయన రాగి గాస్కెట్ వేద్దామంటాడు, నేను స్టీలు పొరలది అంటాను. రోజూ ఇదే గొడవ.

ఈరోజు మార్టూరు నుంచి బావ తమ్ముడు పాలిష్ పట్టిన గ్రానైట్ పలక తెచ్చాడు. ఇనుప స్కేలు ఆనించి చూస్తే తిన్నగానే ఉంది. హెడ్ అడుగు సమంగా ఉందో లేదో చూద్దామని బట్టల నీలిమందు నూనెలో కలిపి దానిమీద పల్చగా పూశాం. ఇంజను హెడ్‌ను బోర్లించి, అటూ ఇటూ జరిపి ఎత్తి చూస్తే అంతటా నీలం అంటింది, రెండు, మూడు సిలిండర్ల మధ్య తప్ప. అక్కడ పల్లంగా ఉంది. గాస్కెట్ రెండుసార్లూ కాలింది అక్కడే.

"ఏరా, ఇన్నాళ్లూ మనం కొట్టుకుంది గాస్కెట్ గురించా?" అన్నాడు బావ.

సాయంత్రానికి ఆ పల్లం పోయేలా హెడ్ అడుగు మిషను మీద చెక్కించి, అదే ఫేసింగ్ చేయించుకొచ్చి మళ్లీ చూశాం. ఈసారి ఎక్కడా ఖాళీ లేదు. ఇంత నున్నగా వచ్చాక స్టీలుదే వేద్దామని బావే అన్నాడు. ఈసారి నిలబడుతుందనే అనిపిస్తోంది. కాకపోతే దాన్ని పొడిగానే బిగించాలి, పేస్టు తగలకూడదు. బావది ఇన్నేళ్లూ ట్రాక్టర్ గాస్కెట్లకు పేస్టు పూసిన చెయ్యి. అదే నా భయం. అందుకే ఇంటికి వస్తూ వస్తూ ఆ పేస్టు ట్యూబు జేబులో వేసుకొచ్చాను.

ఇందాక ఫోన్ చేశాడు.

"పేస్టు నువ్వే పట్టుకుపోయావు గదా?"

"అవును బావా."

"పొద్దున బిగించేదాకా ఇవ్వమాక. నేనడిగినా సరే."