మా వియ్యంకుడి డ్రైవింగు లైసెన్సు రద్దు చేయుట గురించి

లైసెన్సుల అధికారి గారి సముఖమునకు,
ద్వారక, ఢిల్లీ.

అయ్యా,

విషయం: మా వియ్యంకుడు విష్ణువర్ధన్ గారు షుగరు జబ్బుతో స్పృహ తప్పుతూ, ఆ సంగతి దాచి పొందిన లైసెన్సును తక్షణమే రద్దు చేయవలసినదిగా.

నా పేరు తాయారమ్మ. ఐదో క్లాసు చదివాను. మా అల్లుడు మిలటరీలో ఉండి సరిహద్దుకు బదిలీ అయినందున, కూతురు ఉషశ్రీకి తోడుగా వాళ్ల ఫ్లాటులో ఉంటున్నాను. దాని మామగారే పై విష్ణువర్ధన్ గారు. తమరు తెలుగువారని విని, హిందీ రాయడం రాక తెలుగులోనే విన్నవించుకుంటున్నాను. నేను ఆడపిల్ల తల్లిని. ఆయన ఎదుట నోరెత్తితే నా కూతురికి మాట వస్తుంది. అందుకని ప్రభుత్వం వారి నోటితో చెప్పించదలచాను.

1. పై వ్యక్తి ప్రతి ఉదయం పొట్టకు ఇన్సులిన్ సూది పొడుచుకొనును. పిమ్మట తినవలెను. తినరు. పూజకు కూర్చుంటారు. పూజ అయ్యేసరికి మా మనవరాలు హాసినికి స్కూలు వేళ అవుతుంది. దానిని కారులో దింపి వచ్చాకనే ఇడ్లీ. పూజ సంగతి సూదికి తెలియదు కదా అయ్యా.

2. లైసెన్సు రెన్యువల్ చేయించుకునేటప్పుడు కంప్యూటరు అడిగిన ప్రశ్నను ఆయనే పైకి చదివారు. కళ్లు తిరగడం, ఉన్నట్టుండి స్పృహ తప్పడం ఉన్నవా అని. ఆ ముందు వారమే బాత్రూము గుమ్మంలో కూలబడితే నేనే పంచదార నీళ్లు పట్టాను. "అన్నయ్యగారూ, మొన్న మీకూ..." అన్నానో లేదో, "లేదు" అని నొక్కేశారు. "ఊరుకోండి చెల్లెమ్మగారూ, మన పిల్లల పెళ్లిచూపుల్లో మాత్రం అన్నీ చెప్పుకున్నామా ఏంటి?" అని నవ్వారు. సర్టిఫికెట్టు ఇచ్చిన డాక్టరుకూ చెప్పలేదు. పెళ్లిచూపుల్లో ఏమి దాచారో దానికి వేరే అర్జీ పెట్టుకుంటాను.

3. మొన్న మంగళవారం నేనూ పక్క సీట్లో ఉండగా, స్కూలు దారిలో పచ్చలైటు పడినా కారు కదలలేదు. వెనక ఒకటే హారన్లు. చూస్తే ఆయన ముఖమంతా చెమట. "చెల్లెమ్మగారూ, ఈ బస్సు బెజవాడ పోతుందా?" అని నన్నే అడిగారు. అడుగుతూనే కారును రోడ్డు పక్క కుండల దుకాణం మీదికి పోనిచ్చారు. కుండల భయ్యా పక్కకు దూకాడు గనక బతికాడు. వెనక సీట్లో హాసిని "నానీ, దాదూ కో క్యా హువా?" అంటూ, తాతకేమైందోనని ఒకటే ఏడుపు. దాని బ్యాగులోని జ్యూసు నేనే తాగించాను. కాసేపటికి మనిషయ్యారు.

4. మనిషయ్యాక చేసిన పని ఇది. నేను పక్క సీట్లో కెవ్వున అరిచానట, ఆ అరుపుకు అదిరిపడి కుండలను గుద్దారట. పార్కులో అందరికీ అదే చెప్పి నవ్వించారు. నాకు లిఫ్టు భయం, గీజరు భయం, కుక్కరు విజిలు భయం. అది నిజమే. అందుకే అందరూ నమ్మారు. నా కూతురు కూడా నమ్మింది. "అమ్మా, నువ్విక కారెక్కకు" అంది. లిఫ్టులో ఒకావిడ "ఆంటీజీ, ఆప్ చిల్లాయా మత్ కరో" అని, ఇక అలా అరవొద్దని చెంప మీద తట్టింది.

5. షుగరు నాకూ ఉంది. అది నేరమని నేను అనను. వేళకు తిని, వేలు పొడిచి చూసుకుని, డాక్టరు సరేనంటే నడుపుకోవచ్చు. దాచిపెట్టి, పసిపిల్లను వెనక కూర్చోబెట్టుకుని నడపడమే నేరం. కారు బాగై వచ్చింది. రేపటి నుంచి హాసినిని మళ్లీ ఆయనే దింపుతారట. నేను ఇంట్లో ఉండాలట.

కావున తమరు ఆయనను ఆఫీసుకు పిలిపించి, కుర్చీ వేయకుండా, పదిమంది వినేటట్టు ఆ ప్రశ్నే మళ్లీ అడగవలెను. రద్దు కాగితం మా లిఫ్టు పక్క బోర్డుకు, హిందీలో, పెద్ద అక్షరాలతో అంటించవలెను. పార్కు గేటుకు కూడా ఒకటి. ఇకమీదట ఆయన ఎండలో నిలబడి ఆటోవాళ్లను బతిమాలుతుండగా నేను బాల్కనీలోంచి చూడవలెను. ఒక ముసలిదాని కడుపుమంట తీర్చే ఈ పుణ్యం తమరు కట్టుకోవలెను.

ఇట్లు, తమ విధేయురాలు,
తాయారమ్మ
(సంతకం నాదే, వణుకు వయసుది)

తా.క.: రాత్రి రాసి, కవరు అంటించకుండా ఉంచాను. ఇందులో చేతికి గట్టిగా తగిలేవి కారు తాళాలు. అసలుదీ, మారుదీ రెండూ ఉన్నవి. తెల్లారినప్పటి నుంచి ఆయన సోఫాలు ఎత్తి వెతుకుతున్నారు. ఉషశ్రీ హాసినిని ఈ-రిక్షాలో తీసుకుపోయింది. "చెల్లెమ్మగారూ, తాళాలు గానీ చూశారా?" అని అడిగితే, "ముందు నాలుగు ఇడ్లీలు తినండి అన్నయ్యగారూ, తరవాత నింపాదిగా వెతుకుదాం" అన్నాను. వెళ్లవలసిన చోటు లేక కూర్చుని తిన్నారు. చట్నీ కూడా అడిగారు. అంతమాత్రాన తమరు మెత్తబడవద్దు. తాళాలు ముట్టినట్టు రశీదు ఇంటికి పంపవద్దు, ఉత్తరాలు ఆయనే విప్పుతారు.