గోడకు తగిలించిన మీటరు

ఖమీస్ ముషైత్, సౌదీ, గురువారం రాత్రి

మేం కూలీలం ఉండే గదిలో మూరెడు మందం మట్టిగోడను మా కంపెనీ ఇంజనీరు ఈరోజు పదేపదే తడిమినాడు.

"ఇంత చలిలో హీటర్ లేకుండానే వెచ్చగుంది భాయ్. కొండమీద కట్టే హోటల్‌కి ఇట్లాంటి గోడలే పెడతాం," అని వేడి కొలిచే మీటరు తగిలించినాడు. పోతూ పోతూ, ఎంతమంది పడుకుంటారని అడిగినాడు.

గోడల పనికి మనుషుల లెక్క ఎందుకు? ఎక్కువమంది ఉన్నారని మాలో కొందరిని రేకుల షెడ్డుకు తోలుతారేమో. ఏడుగురం ఉంటే నలుగురమని చెప్పినా.

రాత్రి అన్నం తింటా, మా గదిలోనే ఉండే ఖాదర్ అన్నాడు: "మన ఒంటి వేడి కూడా మీటరులో పడుతుంది కదా. అందుకే అడిగుంటాడు."

అదే నిజమైతే, మిగతా ముగ్గురి వేడి కూడా గోడల గొప్పే అనుకుంటాడు. నా మాట నమ్మి కట్టే హోటల్లో జనం చలికి వణుకుతారు. ఫోన్ చేసి నిజం చెబుదామని నెంబరు తీసినా. నొక్కలేకపోయినా. ఖాదర్ చెప్పింది నిజమని ఏం నమ్మకం? షెడ్డుకు తోలేదానికే అడిగుంటే?