పద్నాలుగు చుట్లు

జూన్ 11, ఆదివారం మధ్యాహ్నం

అక్కకి,

మీ తోటికోడలు నమస్కారాలతో రాస్తున్నది. బావగారికి కూడా నా నమస్కారాలు చెప్పండి. అందరం క్షేమమని మొదటి వాక్యంలోనే రాసెయ్యమని అత్తయ్య పక్కన కూర్చుని చెబుతోంది. కాబట్టి క్షేమమే. అత్తయ్య మోకాలి వాపు తగ్గింది. మీ మరిదికి బస్సు డిపోలో పగటి డ్యూటీ వేశారు. నేను ఎప్పటిలాగే ల్యాబులో కూర్చుని ఊళ్ళోవాళ్ళ నోళ్ళకి పళ్ళు కడుతున్నాను. ఈ నెల ఒకాయన కొత్త పళ్ళ సెట్టు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, ఇవి అచ్చం మా మావగారి పళ్ళలా ఉన్నాయి, నాకొద్దు అని వెనక్కి పంపించాడు. మీరు దగ్గరుంటే ఈ ముక్క చెప్పి ఇద్దరం ఒక గంట నవ్వుకునేవాళ్ళం.

అత్తయ్య లేచి లోపలికి వెళ్ళింది. ఇప్పుడు అసలు సంగతి రాస్తాను.

గురువారం బావగారు ఫోన్ చేశారు. మీరు స్నానానికి వెళ్ళడం చూసుకుని చేసినట్టున్నారు, గొంతు తగ్గించి మాట్లాడారు. వచ్చే శుక్రవారం మీరు బడిలో రాజీనామా ఇచ్చేస్తున్నారట. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. పళ్ళమ్మాయీ, లైన్లో ఉన్నావా అని ఆయన రెండుసార్లు అడిగారు.

బావగారు చెప్పినవన్నీ రాస్తున్నాను, ఏవైనా అబద్ధమైతే మీరే కొట్టెయ్యండి. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివర నుంచి మూడుసార్లు వెనక్కి వస్తున్నారట. పరీక్ష పేపర్ల మార్కులు మీరు కూడి, పక్క టీచరు చేత కూడించి, అది చాలక ఇంటికి తెచ్చి బావగారి చేత కూడిస్తున్నారట. ఆయన కూడికలు నాకు తెలియనివా? సరిగ్గా ఉన్నది కూడా ఆయన చేతిలో పడితే తప్పైపోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళారట. ఆయన రెండు గంటలు కూర్చోబెట్టి, బొమ్మలు చూపించి, అంకెలు వెనక నుంచి ముందుకి చెప్పించి, జ్ఞాపకశక్తికి ఏ లోపమూ లేదని రాసిచ్చాడట. మీరు ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, మరి ఆ రోజు చక్రం కీ తిప్పినప్పుడు ఆ నాలుగు చుట్లు ఎటుపోయాయి డాక్టరుగారూ అని అడిగారట.

ఆ మాట విన్న దగ్గర నుంచి నాకు అన్నం సహించడం లేదు.

మీరు బావగారి చేత అడిగించిన మన చక్రాల నోటుబుక్కు దీంతోపాటే పంపుతున్నాను. నీలం అట్టది. మొదటి పేజీలో నేను గీసిన పువ్వు, కింద మీ అక్షరాల్లో 'ఇది పువ్వు కాదు, ముప్ఫై రెండు పళ్ళ చక్రం' అని ఉంటుంది. ఆఖరి పేజీలో ఆ రోజు మీరు కీ తిప్పుతూ చుట్టుకొకటి చొప్పున పెట్టుకున్న గీతలున్నాయి. ఐదేసి గీతల కట్టలు రెండు, పక్కన విడిగా నాలుగు. నేను వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. పద్నాలుగే. తిప్పడం పద్దెనిమిది తిప్పి, నాలుగుసార్లు గీత పెట్టడం మర్చిపోయి ఉంటానని మీరు బావగారితో అన్నారట. డాక్టరుకి ఆ పేజీ చూపించి, ఇదిగో నా మతి తప్పిన చోటు అని చెబుతారట.

మనం చక్రాలు చేసుకున్న డాబా మీది గది మళ్ళీ తెరిచాను అక్కా. మీకు బదిలీ అయి వెళ్ళాక ఏడాదిన్నర తాళం వేసే ఉంచాం. పోయిన నెల మీ మరిది అక్కడ బట్టలుతికే మిషన్ పెడదామని అన్నారు. నేను వద్దన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేక, నేనే శుభ్రం చేస్తానని చీపురు పట్టుకుని పైకి వెళ్ళాను. రంపపు పొట్టు తడికి గట్టిపడి నేలకి అతుక్కుపోయింది. పెద్ద చక్రం గోడకి ఆనించి ఉంది. వెనకవైపు చెమ్మ తగిలి మూడు రెక్కలు వంకర తిరిగాయి. తూకం సరిపోవాలని అంచు మీద నేను అతికించిన గులాబీరంగు మైనపు చుక్కలు మాత్రం చెక్కుచెదరలేదు. ల్యాబు నుంచి మైనం ఎత్తుకొచ్చి చక్రాలకి అంటిస్తున్నావు, ఆఖరికి ఎవరి చిగుళ్ళు తక్కువపడతాయో అని మీరు వెక్కిరించేవారు.

రోజూ సాయంత్రం ఒక గంట పైన కూర్చుంటున్నాను. ఆ మూడు రెక్కలూ కొత్తగా కోశాను. పళ్ళు అరగదీసే చిన్న మిషన్‌తోనే అంచులు నున్నగా చేశాను. స్ప్రింగు మాత్రం పెట్టలేదు. ఆ ఉక్కు పట్టీని మీ మరిది గోనెసంచిలో చుట్టి మెట్ల కింద పడేశారు, నేను దాని జోలికి పోలేదు. చక్రాలని చేత్తోనే తోసి చూస్తున్నాను. రెండు తిరుగుళ్ళు తిరిగి ఆగిపోతాయి.

దంతవైద్యుడి క్లినిక్కులో మొదటిసారి ఇలాంటిదాన్ని చూసిన రోజు గుర్తుందా? అత్తయ్య పన్ను పీకించడానికి తీసుకెళ్ళాం. గోడ మీద రెండు చెక్క చక్రాలు ఎదురెదురుగా తిరుగుతున్నాయి, కరెంటు తీగ లేదు, మోటారు లేదు. ఒకదాని రెక్కలు ఇంకోదాని రెక్కల మీదుగా జారుతుంటే పువ్వు విచ్చుకుని ముడుచుకున్నట్టు ఉంది. లోపల అత్తయ్య అరుస్తోంది, మనం వినలేదు. ఇంటికొచ్చి మీరు అన్నం కంచం పక్కన పెట్టుకుని లెక్కలు వేశారు. నేను అట్టముక్క మీద పళ్ళు కోశాను. ఆ స్ప్రింగు ఎలా పనిచేస్తుందో నాకు అర్థంకాకపోతే మీరు చెప్పిన మాట ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. కొలత టేపులా చుట్టుకున్న ఉక్కు పట్టీ ఇది, ఒక డ్రమ్ము మీద పుట్టింది, దీన్ని మనం బలవంతాన రెండో డ్రమ్ముకి చుడుతున్నాం, ఇక అది పొద్దస్తమానం పుట్టింటికి పోతానని లాగుతుంది, ఆ లాగుడుతోనే మన చక్రాలు తిరగాలి అన్నారు. ఇద్దరు కోడళ్ళ ఇంట్లో ఆ మాట ఎవరికి తెలియదు!

మనం చేసిన మొదటిది పావుగంట తిరిగింది. రెండోదానికి 'అలక' అని పేరు పెట్టాం, ఆగినట్టే ఆగి మళ్ళీ కదిలేది కాబట్టి. మూడోది ఈ పెద్దది. దీనితోనే మనకి మాట పట్టింపు వచ్చింది. పద్నాలుగు చుట్లకి మించి కీ తిప్పకూడదని మీరు, ఇంకా నాలుగు చుట్ల పట్టీ ఊరికే పడి ఉంది కదా అని నేను. ఆ నాలుగూ తిప్పడానికి కాదే, పట్టీ ఊడిపోకుండా డ్రమ్ముని పట్టుకుని ఉండటానికి అన్నారు మీరు. నేను మూతి ముడుచుకున్నాను.

ఆ రోజు గురించి మీకు తెలిసిందే. మీరు కీ తిప్పారు, గీతలు పెట్టారు. పైపులు బాగుచేసే అతను వచ్చాడని అత్తయ్య పిలిస్తే కిందికి వెళ్ళారు. నేను కిటికీ దగ్గర మైనం కరిగిస్తున్నాను. మీరు పైకి వచ్చి చక్రం వెనక్కి వంగారు. పట్టీ తోక ఊడి వచ్చి మీ ఎడమ కంటికి తగిలింది.

ఆసుపత్రిలో మీరు ఒక్కసారి కూడా కన్ను గురించి అడగలేదు. కట్టు కట్టి ఉన్న ముఖం నా వైపు తిప్పి, నువ్వు చూశావుగా, నేను ఎన్ని తిప్పానే అని అడిగారు. నేను మైనం దగ్గర ఉన్నాను అక్కా, చూడలేదు అన్నాను. తర్వాత మీ మరిది డ్రమ్ములు రెండూ విప్పి చూసి, పద్దెనిమిది చుట్లు తిరిగితే తప్ప ఈ పట్టీ ఊడదు, వదిన లెక్క తప్పింది అన్నారు. ఆయన తప్పు పట్టాలని అనలేదు, మిషన్ చూసి చెప్పారు. మీరు తలూపారు. ఆ తలూపడం నాకు కళ్ళ ముందు నుంచి పోదు.

అక్కా, నా మాట వినండి. లెక్క అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. నేను పోయినేడు ఒకావిడకి పై పళ్ళు కింద, కింద పళ్ళు పైన చేసి పంపాను. అంతమాత్రాన ల్యాబు మానేశానా? ఒక్క రోజు పొరపాటుని పట్టుకుని ఇన్నేళ్ళ పనిని వదులుకోకండి. ఒక కన్నుతో మీరు చెప్పే లెక్కలు రెండు కళ్ళున్న వాళ్ళకి రావు. పిల్లలు మీ కోసం ఎదురుచూస్తారు. శుక్రవారం ఆ కాగితం ఇవ్వకండి. ఇంకో ఏడాది చూడండి.

వీలు చూసుకుని రెండు ముక్కలు రాయండి. అత్తయ్య ఆశీస్సులు, మీ మరిది నమస్కారాలు.

ఇట్లు
మీ చెల్లెలి వంటి
పళ్ళమ్మాయి

తా.క. సోమవారం ఉదయం.

కవరు అంటించి, మీ చిరునామా రాసి, మళ్ళీ చింపాను. పైన రాసినదాంట్లో ఒక్క మాట అబద్ధం. ఆ ఒక్కదాని వల్ల మిగతావన్నీ చెడ్డాయి. నేను ఆ రోజు మైనం కరిగించలేదు. స్టవ్వే వెలిగించలేదు.

మీరు పద్నాలుగే తిప్పారు. నాలుగు నేను తిప్పాను.

మీరు మెట్లు దిగుతున్న చప్పుడు విని కీ పట్టుకున్నాను. ముందు రోజు అన్నాలప్పుడు ఇంట్లో అందరూ, బుర్ర పెద్ద కోడలిది, చేతులు చిన్న కోడలివి అని మెచ్చుకున్నారు. మెచ్చుకోలే. నాకు మాత్రం అది ముల్లులా దిగింది. చక్రాలు మీ లెక్కకంటే రెండు గంటలు ఎక్కువ తిరిగేలా చేసి చూపిస్తే, చేతులకి కూడా బుర్ర ఉంటుందని తెలుస్తుంది అనుకున్నాను. పదిహేను, పదహారు తేలిగ్గానే తిరిగాయి. పద్దెనిమిదోది తిప్పాక మీరు వచ్చే అలికిడైంది. నోటుబుక్కు మూసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మీకు చెప్పడానికి నాకు అర నిమిషం ఉంది. చక్రాలు వదిలాక చెబుదాం, అప్పుడు ఆవిడ ముఖం చూద్దాం అనుకుని నోరు మూసుకున్నాను.

ఆసుపత్రిలో మీరు అడిగినప్పుడు భయపడి చూడలేదన్నాను. రేపు చెబుతాను అనుకున్నాను. ఇంటికొచ్చాక చెబుదాం అనుకున్నాను. ఈలోగా మీ మరిది పద్దెనిమిది అని తేల్చారు, మీరు తలూపారు. ఇక ఆ నాలుగూ మీవైపోయాయి.

ఈ ఉదయం మీ మరిదికి చెప్పాను. బూట్ల తాడు కట్టుకుంటున్నవారు తాడు వదిలేశారు. వదిన కన్ను పోయిందని ఏడ్చింది నువ్వేగా అన్నారు. అవునన్నాను. టీ ముట్టకుండా వెళ్ళిపోయారు. అత్తయ్య వింటూనే ఉంది. ఇప్పటిదాకా నన్ను పిలవలేదు.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అనుకుంటారు. ఫోన్‌లో చెబితే మీరు వెంటనే, పోనీలేవే, అయిపోయిందిగా అనేస్తారు. నేను ఆ మాట పట్టుకుని హాయిగా బతికేస్తాను. డాక్టరుకి చూపించడానికి మీ చేతిలో మాత్రం ఏమీ ఉండదు. అందుకని కాగితం మీద, నా చేతిరాతతో, సంతకంతో రాస్తున్నాను. డాక్టరుకి చూపించండి. బడిలో చూపించండి. బావగారి చేత చదివించండి. నన్ను ఏమన్నా పడతాను, అసలు ఏమీ అనకపోయినా పడతాను.

ఇంకొక్కటి. ఎందుకు వంగానో గుర్తులేదని మీరు డాక్టరుతో అన్నారట. నాకు గుర్తుంది, చూస్తూనే ఉన్నాను. మీరు గదిలోకి వచ్చి చక్రాల వైపు చూడలేదు. నేరుగా వెనకున్న డ్రమ్ము వైపు చూశారు. అక్కడ మిగలాల్సిన నాలుగు చుట్లు లేక పట్టీ పలచబడి ఉంది. పద్నాలుగు చుట్లకి అది అంత పలచబడకూడదని మీకు ఆ క్షణంలోనే తెలిసింది. మీ కనుబొమలు ముడిపడ్డాయి. ఇదేంటే, అని నన్ను అడగబోతూ వంగారు అక్కా. లెక్క తప్పిన మనిషైతే వంగేదే కాదు.