పదిహేడో నంబరు సీసా

14వ తేదీ, గురువారం
మధ్యాహ్నం

పూజ్యురాలైన అక్కగారి పాదపద్మములకు,

చదివిన కెమిస్ట్రీనంతా సీసాల పాలు చేసిన తమ్ముడు సాష్టాంగపడి వ్రాయు విన్నపము. ఇక్కడ నేను క్షేమం. మీ ఇంటి క్షేమం గురించే ఈ ఉత్తరం.

రెండు వీధుల అవతల ఉన్నదానికి ఉత్తరమేంట్రా అంటావు. ఎదురుగా వస్తే నేను జోకు వేస్తాను, నువ్వు నవ్వి టీ ఇస్తావు, చెప్పాల్సింది కడుపులోనే ఉండిపోతుంది. నిన్న రెండుసార్లు మీ గుమ్మం దాకా వచ్చి, రెండుసార్లూ బుడ్డదాని చేతిలో బిస్కెట్లు పెట్టి తిరిగొచ్చాను.

నా ఉద్యోగం తెలుసు కదా. చెత్త కాల్చే ప్లాంటులో పనివాళ్ల ఒంట్లోకి పొగ, బూడిద ఎంత పోతున్నాయో కొలవడం. షిఫ్టు ఎక్కేటప్పుడు కాలరుకి చిన్న గాలి పంపు తగిలిస్తాను. దిగాక మూత్రానికి తలా ఒక సీసా ఇస్తాను. ఆ పంపుని వాళ్లు జోరీగ అంటారు, నన్ను సీసాల దొర అంటారు. రాజ్యం చిన్నదే అయినా ప్రజలు క్రమం తప్పకుండా కప్పం కడుతున్నారు.

మీ ఆయన పదిహేడో నంబరు. పోయిన నెల ఆయన సీసాలో విషం ప్రమాదపు గీత దాటింది. రెండోసారీ దాటితే ఫర్నేసు దగ్గర్నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెడతారు. పదకొండేళ్లు బూడిద తోడి తోడి మొన్ననే ఫర్నేసు మేస్త్రీ అయిన మనిషాయె. నాతో ఏమన్నాడో తెలుసా? ఒరే బామ్మర్దీ, లారీలకి సలాములు కొడుతూ కూర్చోమంటావా, దానికంటే ఆ పొగలో పోవడం నయం అన్నాడు. పోవడానికి ఫారం నింపాలి బావా, నా దగ్గర స్టాకు లేదు అన్నాను. ఇద్దరం తెగ నవ్వాం. నవ్వులోంచే ఆయనకి దగ్గు అందుకుంది. అది ఆగేలోపు నేను మూడు సీసాలకి చీటీలు అంటించేశాను.

ఈ నెల ఫలితం వచ్చింది. శుభ్రంగా ఉంది. మా ప్లాంటు డాక్టరమ్మ ఆ కాగితం చూసి, ఈయన పనిచేసేది ఫర్నేసు దగ్గరా, పూలతోటలోనా అంది. గదిలో అందరూ నవ్వారు, నేను తప్ప. బావ ఇంటికి తెచ్చిన దాని నకలుని నువ్వు ఫ్రిజ్ మీద అంటించావని బుడ్డది చెప్పింది.

అప్పట్నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. నా గదిలో కిటికీకీ తలుపుకీ మధ్య ఏడడుగులు. పొద్దుట్నుంచి అటూ ఇటూ తిరుగుతుంటే కింద అద్దెకున్నాయన పైకొచ్చి, ఏం నాయనా, ఎవరైనా పోయారా అని అడిగాడు. ఇంకా లేదండీ అన్నాను. ఆయన మెట్లు దిగాక ఆ మాటకి నేనే భయపడి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇక విన్నపాలు. బావ పని బట్టలు ఇంట్లో దులపకు. బుడ్డదాని గౌన్లతో కలిపి నానబెట్టకు. గుమ్మం బయటే విప్పించి వేరే బకెట్లో పడెయ్యి. స్నానం అయ్యాకే బుడ్డదాన్ని ఎత్తుకోమను. అలుగుతాడు. అలగనీ.

ఇట్లు,
నీ తమ్ముడు,
సీసాల దొర (సింహాసనం కదులుతోంది)

తా.క.: అక్కా, ఆ సీసా నాది. బావ బతిమాలాడు, నేను పోశాను. తెలిసే చేశాను. నువ్వు ఫ్రిజ్ మీద అంటించుకున్న ఆరోగ్యం నాది, చింపెయ్యి. పొద్దున్నే డాక్టరమ్మకి ఫోన్లో చెప్పేశాను. ఆవిడ అరవలేదు, అరిచినా బాగుండేది. ఇక నా చేతికి సీసాలు ఇవ్వరట. సోమవారం షిఫ్టు దిగాక బావ మళ్లీ ఇవ్వాలట. సాయంత్రం ఆయనకి నేనే చెబుతాను, తంతే తననీ. సోమవారం మాత్రం నువ్వు ప్లాంటుకొచ్చి, ఆయన సీసా నింపే బాత్రూం తలుపు బయట నిలబడు. నీ ఎదురుగా ఆయన అబద్ధమాడలేడు. నేనూ అంతే. అందుకే బిస్కెట్లిచ్చి పారిపోయాను.